తుంబురు తీర్థానికి అవ్వ చీర, ఇత్తడి చెంబు: ఏది మోయాలి, ఏది ఇంట్లో ఉంచాలి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి నలుగురు కలిసి తిరుమల కొండల్లోని తుంబురు తీర్థం పోతున్నారు, ఆ వెంటనే తలకోనలో రెండు రాత్రులు ఉంటారు. సంచి 9 కిలోలు తూగుతోంది. అందులో అవ్వ నూలు చీర, ఆమె ఇత్తడి చెంబు, నాయన ఫోటో, దూడ మెడలోని మువ్వలు, కొలువులో పెట్టే ఎర్రచందనం బొమ్మ, ముడుపు ఉన్నాయి. ఇవి చాలవన్నట్టు దారి పటాన్ని గుడ్డ మీద మీరే గీసుకోవాలనుకుంటున్నారు. మీవాళ్ళు "పెళ్ళివారి సామానా ఇది" అని నవ్వుతున్నారట. ఏవి ఉంచాలి, ఏవి తీయాలి అన్నది మీ ప్రశ్న.

నవ్వేవాళ్ళను పక్కన పెట్టండి. ఆ 9 కిలోలు తుంబురుకు ఎందుకో ముందు చెప్పండి. పాపవినాశనం వైపు నుంచి పోయి అదే రోజు తిరిగొచ్చే దారి అది. ముక్కోటికి టీటీడీ, అటవీశాఖ వదిలే రోజుల్లోనే నడక, రాత్రి అక్కడ ఉండేది లేదు. తలకోన సామానంతా కింద గదిలో వదిలి 3 కిలోలతో నడవండి. అందులో 2 కిలోలు నీళ్ళే ఉంటాయి, ఫాల్గుణంలో ఎండ అలా ఉంటుంది.

ఇక మీ జ్ఞాపకాల సామాను. అన్నీ ఒక గుడ్డలో మూటకట్టి వంటింటి కాటా మీద పెట్టండి. తుంబురు రోజుకు 400 గ్రాములు దాటకూడదు. ఒక్కో వస్తువు దారిలో పనికొస్తుందా, లేదంటే బరువే లేనిదా అని చూడండి. ఈ రెంటిలో ఏదో ఒకటి ఉంటేనే సంచిలోకి. ఆ తర్వాత, అది పోతే మీరు తట్టుకోగలరా అని అడుక్కోండి. తట్టుకోలేనిదైతే దాని ముక్కో నకలో తీసుకెళ్ళండి, అసలు ఇంట్లోనే ఉండాలి.

మొదట తీయాల్సింది ఎర్రచందనం బొమ్మ. ఈ చెట్టు పుట్టిల్లే శేషాచలం. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందంలో రెండో అనుబంధంలో ఉంది. దీని అక్రమ రవాణాను పట్టుకోవడానికే తిరుపతిలో ప్రత్యేక దళం పనిచేస్తోంది. అటువంటి అడవిలోకి అదే కొయ్యతో చేసిన వస్తువు పట్టుకుని పోయి, బయటికొచ్చేటప్పుడు చెక్‌పోస్టులో "ఇది మా అవ్వ పెళ్ళినాటిదండీ" అంటే వినే ఓపిక ఎవరికీ ఉండదు. పాత బొమ్మకు రసీదు ఎవరి దగ్గరుంటుంది? బొమ్మ చిన్నదైనా తీసేయండి. తలకోనకు కూడా వద్దు.

రెండోది చెంబు. మామూలు సైజు ఇత్తడి చెంబు ఖాళీగానే అర కిలో పైన తూగుతుంది. బరువు సంగతి అటుంచితే, ఇత్తడిలో ఉన్నది రాగి, జింకు. నిమ్మరసం, మజ్జిగ, చింతపండు నీళ్ళు అందులో నిలవ ఉంటే పులుపుకు రాగి కరిగి దిగుతుంది, వాంతులు పట్టుకుంటాయి. లోపల తగరం కళాయి ఉంటే ఫరవాలేదు. కళాయి తెల్లగా కనపడుతుంది, పోయిన చోట పసుపు తేలుతుంది. పాత చెంబుల్లో అడుగున, అంచు మలుపు దగ్గర ముందుగా పోతుంది. ఎండలో నడిచేవాళ్ళు నిమ్మకాయ నీళ్ళే తాగుతారు గనుక చెంబు ఈ నడకకు పనికిరాదు. అవ్వ వస్తువు ఒకటి ఉండాల్సిందే అంటే ఆమె పూజ గూట్లో ఉద్ధరిణి వెతకండి. ముప్పై గ్రాములు కూడా ఉండదు, తీర్థంలో నీళ్ళు పుచ్చుకోవడానికి దానికంటే తగినది లేదు. తాగే నీళ్ళకు స్టీలు సీసా తెచ్చుకోండి. కొండ మీద ప్లాస్టిక్ సీసాలకు నిషేధం ఉంది, అలిపిరి తనిఖీలోనే తీసేస్తారు.

చీర మాత్రం తప్పకుండా తీసుకెళ్ళండి, అయితే మొత్తం వద్దు. ఐదున్నర మీటర్ల నూలు చీర సుమారు అర కిలో ఉంటుంది. సగం చాలు. ఏ సగం అన్నది ముఖ్యం. పైట కొంగు ఇంట్లో ఉంచండి, అవ్వ గుర్తుగా మిగలాల్సింది అదే. పోతే దాన్ని తిరిగి తేలేరు. నడుము దగ్గర దోపుకునే లోపలి కొంగు వైపు సగం తీసుకోండి. అటువైపు ఎండ తగలదు, గుడ్డ గట్టిగా ఉంటుంది. కుచ్చిళ్ళ భాగంలో కింది అంచు నేలకు రాసుకుని అరిగి ఉంటుంది, వెలుతురుకు పట్టి చూస్తే పలచబడిన చోట్లు తెలుస్తాయి. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి రెండు చేతులతో చింపండి. పోగు వెంట తిన్నగా చీలుతుంది. కత్తెరతో కోస్తే వంకర పోయి పోగులు లేస్తాయి. చింపిన అంచును ఒక మడత వేసి పచ్చికుట్టు వేస్తే చాలు.

ఈ రెండున్నర, మూడు మీటర్ల గుడ్డ చేసే పనులు చాలా ఉన్నాయి. తడిపి తలకు చుడితే నీరు ఆవిరవుతున్నంతసేపు మాడు చల్లగా ఉంటుంది. ఫాల్గుణంలో నూలుకున్న గొప్పతనం ఇదే. అదే గుడ్డ కార్తీక, మార్గశిరాల్లో, ఈశాన్య రుతుపవనాల ముసురులో పట్టుకెళ్తే ఆరదు, ఒంటిని చల్లబరిచి వణికిస్తుంది. అప్పుడైతే నైలాన్ తుండు మేలు. చేయి బెణికితే గుడ్డలో చదరపు ముక్కను కోణానికి మడిచి మెడలో వేలాడే కట్టు కట్టొచ్చు. కాని తాడుగా మాత్రం వాడకండి. మూడు పాయల జడ అల్లితే చూడ్డానికి మోకులా ఉంటుంది. పాత నూలు పట్టునిచ్చినట్టే ఉండి చెప్పాపెట్టకుండా తెగుతుంది. మడుగుల దగ్గర ఆ నమ్మకం పెట్టుకోవద్దు.

అన్నిటికంటే పనికొచ్చేది నీళ్ళు వడగట్టడం. బంగ్లాదేశ్ గ్రామాల్లో చెరువు నీళ్ళను పాత చీర మడతల్లో వడగట్టించి చూశారు. ఆ ఫలితాలు 2003లో అచ్చయ్యాయి, కలరా దాదాపు సగం తగ్గింది. కొత్త చీర కంటే పాతదే మెరుగని కూడా తేలింది. ఉతికి ఉతికి పోగులు విచ్చుకుని సందులు మూసుకుపోతాయి కాబట్టి. పద్ధతి ఇదీ: గుడ్డను మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది పొరలు వస్తాయి. సీసా మూతికి వదులు లేకుండా కట్టి నిదానంగా పోయండి. ఒక మూలన ఎర్రదారంతో రెండు కుట్లు వేసి, ఆ కుట్లున్న వైపే ఎప్పుడూ పైకి ఉంచండి. లేకపోతే రెండోసారి తిరగేసి కట్టి, మొదటిసారి ఆపిన మురికినంతా మీరే సీసాలోకి కడుక్కుంటారు. వాడాక మంచినీళ్ళతో జాడించి ఎండబెట్టాలి. ఇంత చేసినా వడగట్టు మట్టి, నాచు, కంటికి కనపడని పురుగుల్లో పెద్దవాటినే ఆపుతుంది. విడిగా తిరిగే సూక్ష్మజీవులు, వైరస్‌లు దాటిపోతాయి. కాబట్టి వడగట్టిన తర్వాత క్లోరిన్ బిళ్ళ వేసి, అట్ట మీద రాసినంత సేపు ఆగి తాగండి. మురికి నీళ్ళలో బిళ్ళ వేస్తే క్లోరిన్ మురికితోనే ఖర్చయిపోతుంది. అందుకే వడగట్టడం ముందు, బిళ్ళ తర్వాత.

మరిగించి తాగుదామంటే కుదరదు. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం. ఫాల్గుణానికి కొండంతా ఎండు బోదగడ్డితో నిండి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. కూల్‌డ్రింక్ డబ్బాతో చేసే స్పిరిట్ పొయ్యిలు చాలామంది చూపిస్తుంటారు. వాటి మంట పగటి వెలుతురులో కనపడదు. ఆరిపోయిందనుకుని మళ్ళీ స్పిరిట్ పోసినవాళ్ళ చేతులే ముందు కాలతాయి. ఇంటి డాబా మీద ఆడుకోవడానికి బాగుంటాయి.

ఇప్పుడు గుడ్డ పటం. దీనికి కాళహస్తి కలంకారీవాళ్ళ పద్ధతిని మించింది లేదు. చెమటకు, వానకు, ఉతుక్కు చెదరదు. కాగితంలా నానదు, ఫోన్‌లా చార్జి అయిపోదు. అయితే మీకు మూడు వారాల టైము కావాలి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నలుపు కోసం కసిమి కట్టాలి, అంటే ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నల్లరంగు. మట్టికుండలో లీటరు నీళ్ళు, 100 గ్రాముల చెరకు బెల్లం, 100 గ్రాముల తాటిబెల్లం, రెండు గుప్పిళ్ళ తుప్పుపట్టిన మేకులు. నూనె ఉన్న ఇనుము వద్దు, ఉంటే నిప్పు మీద కాల్చి చల్లార్చి వేయండి. మూతికి గుడ్డ కట్టి నీడలో పెట్టండి. మూత బిగించి మూస్తే గాలి పొంగి కుండ పగులుతుంది. రోజు విడిచి రోజు కర్రతో కలపాలి. పదిహేను, ఇరవై రోజులకు పులిసిన వాసన తగ్గి, ముదురు రంగు తేలుతుంది. అప్పుడు వడగట్టుకోండి.

గుడ్డ అరమీటరు చాలు, చలువ చేయని నూలు గాడా, అంటే ముతక గుడ్డ. ముందు గంజి పూర్తిగా పోవాలి. రాత్రంతా నానబెట్టి, బాది ఉతికి, చుక్క నీళ్ళు వేసి చూడండి. చుక్క పైన నిలబడితే గంజి ఇంకా ఉన్నట్టు, ఇంకిపోతే సరే. తర్వాత 15 గ్రాముల కరక్కాయ పొడిని పావు లీటరు నీళ్ళలో కలిపి, 100 మిల్లీలీటర్ల పచ్చి గేదెపాలు పోసి, గుడ్డను అందులో పావుగంట తిప్పుతూ నానబెట్టండి. పిండి ఎండలో పరచండి. లేత పసుపుగా వస్తుంది. కరక్కాయలోని వగరు కసిమిలోని ఇనుముతో కలిసి నలుపవుతుంది. పాలలోని వెన్న గీత పాకిపోకుండా ఆపుతుంది. ఆవుపాలతోనూ అవుతుంది గాని వెన్న తక్కువ గనుక గీత అంచులు మొద్దుబారతాయి. ప్యాకెట్ పాలు వాడితే వెన్న శాతం ఎక్కువున్నది చూసుకోండి.

కలం అంటే వెదురు పుల్ల. కొన చెక్కి, దానికి అంగుళం పైన ఉన్నిగుడ్డ పీలికను ఉల్లిపాయంత లావుగా చుట్టి దారంతో బిగించాలి. ఆ ఉండను కసిమిలో ముంచి, రాసేటప్పుడు వేళ్ళతో మెల్లగా నొక్కితే రంగు కొనకు దిగుతుంది. గీత మొదట లేత బూడిదగా పడి చూస్తుండగానే నల్లబడుతుంది. నల్లబడకపోతే గుడ్డలో కరక్కాయ చాలలేదు, లేదా కసిమి ఇంకా పచ్చిగా ఉంది. పాకితే పాలు తక్కువ, లేదా గుడ్డ తడి ఆరలేదు. అందుకే ముందు మూల ముక్క మీద పది గీతలు గీసి చూసుకోవాలి.

పటంలో ఏం గీయాలంటే: వాగులు, అవి కలిసే చోట్లు, నీళ్ళు దొరికే తావులు, దారి చీలే చోట ఎటు తిరగకూడదో. కొండలన్నీ గీయకండి, గీస్తే అందంగా ఉంటుంది కాని చదవలేరు. నాలుగు వేళ్ళ వెడల్పుకు ఒక గంట నడక అని కొలత పెట్టుకోండి. అడవిలో కిలోమీటరు లెక్కకు అర్థం తక్కువ. ఇది అటవీశాఖ పెట్టే గైడుకు బదులు కాదు, తోడు మాత్రమే.

గీశాక గంటసేపు ఆరనిచ్చి, పారే నీళ్ళలో పాలవాసన పూర్తిగా పోయేదాకా జాడించండి. కాళహస్తిలో సువర్ణముఖి ఇసుకలో ఈ పని చేసేవాళ్ళు, మీకు కొళాయి చాలు. వాసన ఉంచేస్తే సంచికి చీమలు పడతాయి, గదిలో ఎలుకలు కొరుకుతాయి. ఇంకో రెండు జాగ్రత్తలు. కసిమి మరీ చిక్కగా పూస్తే ఇనుము కొన్నేళ్ళకు నూలును తినేసి గీతల వెంటే గుడ్డ చిరుగుతుంది, పలచగా రెండుసార్లు గీయడం మేలు. పులుపు తగిలితే నలుపు వెలిసిపోతుంది. పులిహోర పొట్లం పక్కన పటం పెట్టకండి, నిమ్మరసం ఒలికితే మీ దారి సగంలో ఆగిపోతుంది. మడవకుండా చుట్టి పెట్టుకోండి.

ముడుపు గురించి మీరు అడగలేదు గాని సంచుల్లో ఎక్కువ అల్లరి చేసేది అదే. పసుపు చెమటకు దిగి చొక్కా, ఫోటో, నోట్లు అన్నిటికీ అంటుతుంది. గుడ్డను పసుపు నీళ్ళలో ముంచాక నీడలో ఆరబెట్టండి, ఎండకు పసుపు వెలుస్తుంది. ఆరాక ఒకసారి విదిలిస్తే అంటని పొడి రాలిపోతుంది. బట్టలకు అంటితే కంగారుపడి సబ్బు రుద్దకండి, క్షారానికి పసుపు ఎర్రబడి ఇంకా భయపెడుతుంది. నీళ్ళతో జాడించి ఎండలో వేయండి, దానంతటదే పోతుంది. హుండీలో వేసే రోజు దాకా ముడుపును మెడలో వేలాడదీసుకోవద్దు, తాడు చెట్టుకొమ్మకు తగులుకుంటుంది. అలిపిరిలో టీటీడీకి అప్పగిస్తే కొండమీదికి ఉచితంగా చేర్చే సామానులోనూ పెట్టవద్దు. ఒంటి మీదే ఉండాలి.

నాయన ఫోటో అసలుది ఇంట్లో ఉంచి జిరాక్స్ షాపులో కలర్ లేజర్ ప్రింటు తీయించండి. ఇంక్‌జెట్ ప్రింటు తడికి కారిపోతుంది. లామినేషన్ చేయించేటప్పుడు ఫోటో చుట్టూ కనీసం 5 మిల్లీమీటర్లు ఖాళీ ప్లాస్టిక్ అంచు వదలమనండి. షాపువాళ్ళు నీటుగా ఉంటుందని ఫోటో అంచుదాకా కత్తిరిస్తారు, నీళ్ళు అక్కడి నుంచే దూరతాయి. దారానికి చిల్లు కావాలంటే ఒక మూల ఇంకాస్త ఎక్కువ అంచు ఉంచి, అక్కడే వేయించండి.

మువ్వలు ఒకటో రెండో చాలు, గుత్తి వద్దు. శేషాచలంలో ఎలుగులున్నాయి. మనిషి ఉన్నట్టుండి ఎదురుపడినప్పుడే అవి ఎక్కువగా మీద పడతాయి, కాబట్టి చప్పుడు మంచిదే. కాని వాగు హోరులో సన్నటి మువ్వ వినపడదు, మాట్లాడుకుంటూ నలుగురు కలిసి నడవడమే మేలు. 2023లో నడకదారిలో చిరుత దాడి తర్వాత భక్తులకు చేతికర్రలిచ్చారు. మీరూ ఒక వెదురు కర్ర పెట్టుకోండి. భుజమెత్తుకు రెండు జానలు తక్కువ, కింద కొనకు పాత సైకిల్ ట్యూబు తొడిగి కడితే రాళ్ళ మీద జారదు, చీలదు. ట్యూబు మిగిలిన దాన్ని అంగుళం వెడల్పు ఉంగరాలుగా కోసి ఓ పది సంచిలో వేసుకోండి. మువ్వ మోగకూడదనుకున్నప్పుడు దాని నాలుకను పట్టి ఉంచడానికి, చుట్టిన పటం బిగించడానికి, తెగిన చెప్పు పట్టీకి, అన్నిటికీ అవే. ఏడాదికోసారి మార్చండి, ఎండకు పగుళ్ళిస్తాయి.

తిండి సంగతి త్వరగా. అమ్మ చేసిన నువ్వుండలు, సున్నుండలు మంచివే, వాసనకు కోతులు వస్తాయి గనుక బయటి జేబుల్లో పెట్టకండి. పులిహోర మధ్యాహ్నంలోగా తినేయండి. ముక్కోటికి పాపవినాశనం దగ్గర టీటీడీ అన్నప్రసాదం పెడుతుంటుంది, మోత తగ్గించుకోండి.

తలకోనలో కింద పరచుకోవడానికి మీరు కొనాలనుకున్న మ్యాటు అవసరం లేదు. పాత ఫ్లెక్సీ 6 అడుగులు పొడవు, 3 అడుగులు వెడల్పు ముక్క అర కిలో ఉంటుంది, తేమ ఎక్కదు, ముళ్ళకు చిరగదు. అచ్చు వైపు నేలకు వేయండి, రంగు మీకంటదు. నాయకుల ముఖాల మీద పడుకున్నామన్న పాపమూ కనపడదు. కొత్తదైతే వాసన కొడుతుంది, రెండు రోజులు ఎండలో వేలాడదీయండి.

ఆఖరికి వీటన్నిటినీ తడవకుండా దాటించడం. తుంబురు లోయలో నీళ్ళలో దిగి నడవాల్సిన చోట్లున్నాయి. పలచటి ప్లాస్టిక్ కవర్లు కొండమీదికి రానివ్వరు, వచ్చినా రాళ్ళకు చిరుగుతాయి. పాడైన రెయిన్‌కోటు చేయి ఒకటి భుజం దగ్గర కోయండి. అది అప్పటికే గొట్టం, కుట్టు దగ్గర ఫ్యాక్టరీలోనే అతికి ఉంటుంది. మీరు కొత్తగా సూది దించితే ప్రతి చిల్లూ కారుతుంది. ముంజేతి వైపు కొనను మూడు మడతలు వేసి ట్యూబు ఉంగరం రెండు చుట్లు బిగించండి. ఫోటో, ముడుపు, ఉద్ధరిణి, ఫోను లోపల వేసి, కాస్త గాలి ఉంచి, రెండో కొననూ అలాగే మూడుసార్లు చుట్టి బిగించండి. గాలి ఉంటే చేతి నుంచి జారినా తేలుతుంది. బయల్దేరే ముందు రాత్రి ఖాళీ గొట్టాన్ని గాలితో బిగించి బకెట్లో ముంచి నొక్కండి. బుడగలు కొన దగ్గర వస్తే ఇంకో మడత వేయాలి, మధ్యలో వస్తే రెయిన్‌కోటు రెండో చేయి కోయండి.